దొరువు నీళ్లు మోయడం ‘తేలిక పని’ ఎలా అయింది?

మార్చి దాటితే నెల్లూరు తీర మండలాల్లో వరి కోతలు దాదాపు అయిపోతాయి. అక్కడి నుంచి వానలు పడేదాకా దళితవాడల, అరుంధతివాడల, యానాది కాలనీల ఆడవాళ్లకు దొరికే పనులు తక్కువ. ఉపాధి హామీ పని, రొయ్యల చెరువుల దగ్గర పని, సముద్రం వైపు ఇసుక నేలల్లో వేసే చిన్న కూరగాయల తోటల్లో పని. మొదటి రెండింటి గురించి మనలాంటివాళ్లం చాలానే రాశాం. మూడోది పావు ఎకరం, అర ఎకరం లెక్కలో ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. అందుకే మేం దాని గురించి రాస్తున్నాం.

ఈ జిల్లాకు ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఇసుక ఆ నీటిని తాగి లోపల దాచుకుంటుంది. కింద సముద్రపు ఉప్పునీరు, దాని మీద తేలికైన వాననీరు పలుచని పొరలా నిలుస్తాయి. ఆ పై పొరను అందుకోవడానికి తవ్వే లోతు తక్కువ గుంటే దొరువు. ఆశపడి లోతుగా బోరు దించి మోటారుతో లాగితే ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే ఉప్పునీటి హద్దు సుమారు 40 అడుగులు పైకి జరగొచ్చని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి పై పొర నీళ్లు మాత్రమే తోడుకునే పద్ధతిని బాపట్ల వ్యవసాయ పరిశోధకులు రూపొందించారు. పెట్టుబడి ఉన్నవాళ్లకు అది బాగుంటుంది. లేనివాళ్ల తోటల్లో దొరువులోకి దిగి, బిందెలు ముంచి, మొక్క మొక్కకూ పోయాల్సిందే.

ఒక్కో బిందెలో 15 లీటర్లు అనుకుందాం. రెండు బిందెలంటే 30 కిలోలు. వంద తడవలు తిరిగితే మూడు టన్నులు, అదీ కాలు దిగబడే ఇసుకలో. కూలి లెక్కలో దీని పేరు తేలిక పని.

బెండ కోతా అంతే. రోజు మార్చి రోజు కోయకపోతే కాయ ముదిరిపోతుంది. నూగు గుచ్చుకుని చేతులు దురద, మంట. అందుకే ఇంట్లో మగవాళ్ల పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, చేతులకు సాక్సులు తొడుక్కుని కోస్తారు. ఏ కాయ ఈ పూటే తెగాలో, ఏది ఇంకో రోజు ఆగుతుందో వేళ్లకు తెలుస్తుంది. నైపుణ్యం అనే మాట ఇక్కడికి ఎందుకు రాదో మనకు తెలియంది కాదు.

గట్లు వేయడం, మందు కొట్టడం, మూటలు ఎత్తడం మగ పనులు. నాటడం, కలుపు తీయడం, నీళ్లు మోయడం, కోయడం ఆడ పనులు. మగకూలి ఎక్కువ, ఆడకూలి తక్కువ. 1976 సమాన వేతనాల చట్టం గానీ, దాని స్థానంలోకి తెచ్చిన 2019 వేతనాల కోడ్ గానీ ఒకే పనికి లేదా ఒకే తరహా పనికి ఆడా మగా తేడా చూపకూడదంటాయి. ఒకే తరహా అనడానికి నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత సమానంగా ఉండాలి. పనిని ముందే రెండుగా విడగొట్టేస్తే పోల్చడానికి ఏముంటుంది? చట్టాన్ని ఎవరూ అతిక్రమించకుండానే కూలి తగ్గిపోతుంది.

2005 ఉపాధి హామీ చట్టం ఈ విడదీతను ఒప్పుకోలేదు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే రేటు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించింది రోజుకు 307 రూపాయలు. పని చోట తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని కూడా రాశారు. కొలతల కోతలు, ఆలస్యమయ్యే చెల్లింపులు వేరే కథ. అయినా పక్కన అలాంటి పని ఒకటి నడుస్తుంటేనే తోట యజమానితో బేరమాడే వీలుంటుంది.

నీడ మాట ఎందుకంటే, తీరంలో ఎండ లెక్క వేరు. థర్మామీటరు లోపలి ఊళ్ల కన్నా కాస్త తక్కువ చూపించొచ్చు. కానీ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ చెమట కారుతుంది, ఆరదు. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగిపోవడం వీళ్లకు తెలిసిన జాగ్రత్త. గంటలు నిర్ణయించేది మాత్రం నేల ఎవరిదో వాళ్లే.

వీళ్లలో కొందరు కూలికి పోకుండా తామే వేసవి పంటకు నేల కౌలుకు తీసుకుంటారు. అంతా నోటిమాట. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం యజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం అడుగుతుంది. మూడు నెలల బెండ మడికి ఆ సంతకం ఎవరు పెడతారు? కాగితం లేకపోతే పంట పోయినా రైతు లెక్కలోకి రారు.

ఇక ఉప్పు. సాగు భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న చెప్పింది. తీరనియంత్రణ మండలిలోని చెరువుల్ని తొలగించమని కూడా చెప్పింది. ఆ తీర్పు అమలుకు నోచుకోకముందే 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకు దారి ఇచ్చింది. ఉప్పునీటి చెరువు పక్కన ఇసుక నేల ఉంటే ఊట ఆగదు. దొరువు ఉప్పెక్కితే ఇంకో దొరువు దాకా నడవాలి. నడక పెరుగుతుంది, కూలి అదే ఉంటుంది.

వేసవి సెలవుల్లో ఊళ్లకు వెళ్లే విద్యార్థి మిత్రులకు ఒక మాట. కూలి రేట్లు రాసుకునేటప్పుడు ‘ఆడకూలి ఇంత’ అని ఒక్క గడిలో ముగించకండి. ఎన్ని బిందెలు, ఎన్ని తడవలు, దొరువు ఎంత దూరం, ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి దిగారు, ఆ పక్కనే మగవాళ్లు ఏం చేశారు, వాళ్లకు ఎంత ఇచ్చారు, అన్నీ పక్కపక్కన రాయండి. కార్మిక శాఖ అధికారి ముందు పెట్టడానికి పనికొచ్చేది ఆ కాగితమే.