పాస్టరమ్మ పాస్టరయ్యేదెప్పుడు?

తెలుగు పల్లెల్లో డాక్టరమ్మ అంటే వైద్యం చేసే స్త్రీ. పంతులమ్మ అంటే పాఠం చెప్పే స్త్రీ. పాస్టరమ్మ అంటే మాత్రం పాస్టరు గారి భార్య. సంఘాన్ని కాచే స్త్రీ అన్న అర్థం ఆ మాటకు ఇంకా పట్టలేదు. ఆమె పనికి కొదవ లేదు. ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం నేర్పుతుంది, స్త్రీల సమాజాన్ని నడుపుతుంది, ఉపవాస ప్రార్థనలకు ముందుంటుంది, రోగి మంచం పక్కనా చావు ఇంటి అరుగు మీదా కూర్చుని ఓదారుస్తుంది. ఇందులో అధిక భాగం బోధనే. అయినా ఆదివారం ఉదయం ప్రసంగ వేదిక ఎక్కేది భర్తే. బాప్తిస్మమిచ్చేదీ, ప్రభువు బల్ల వద్ద రొట్టె విరిచేదీ ఆయనే. ఆమెకు జీతం లేదు, పదవి లేదు, సంఘ కమిటీలో స్థానం సైతం చాలాచోట్ల లేదు.

స్త్రీలు సంఘంలో బోధించవచ్చునా అన్న ప్రశ్నను క్రైస్తవుల ఇంటి గొడవగా వదిలేయలేం. తెలుగు నేల మీద చర్చి ప్రధానంగా మాల మాదిగల చర్చి. దళితవాడలో వారానికొకసారి తప్పక జరిగే బహిరంగ సభ ఏదైనా ఉందంటే అది ఆదివారపు ఆరాధనే. అక్కడ ఎవరు మాట్లాడాలి, ఎవరు వినాలి అన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్న. దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన స్త్రీగా నేను దీన్ని కుల ప్రశ్నగానే చూస్తున్నాను.

ముందుగా చరిత్ర. 1854 నూతన సంవత్సరం నాటి ఉదయం ఒంగోలు కొండ మీద తెలుగువారి కోసం ప్రార్థించినవారు ఐదుగురు: మిషనరీ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే దేశీయ క్రైస్తవుడు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందాక మాదిగ పల్లెల్లో పెద్ద కదలిక మొదలైంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పురుష మిషనరీలు అడుగుపెట్టలేని లోగిళ్ళలోకి నడిచి వెళ్ళి అక్షరమూ వాక్యమూ చెప్పింది బైబిలు స్త్రీలు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. బాప్తిస్మం పొందేవారు తమ తల మీద తామే చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించడం తమ బాధ్యతని ఒప్పుకోవాలన్నది ఆయన పాటించిన పద్ధతి. ఆ బాధ్యతలో స్త్రీ పురుష భేదం లేదు. ప్రకటన కాలిబాటల మీద సాగినంతకాలం స్త్రీ కావలసివచ్చింది. సంఘానికి భవనం, భూమి, కమిటీ, జీతం వచ్చాక వేదిక మగవాడిదైంది.

అభ్యంతరం చెప్పేవారు పౌలు పేరు మీద రెండు చోట్లు చూపుతారు. మొదటి కొరింథీ పత్రిక 14వ అధ్యాయం స్త్రీలను సంఘంలో మౌనంగా ఉండమంటుంది. మొదటి తిమోతి పత్రిక 2వ అధ్యాయం స్త్రీ బోధించడానికి సెలవివ్వదు. ఆ వాక్యాలు లేవని నేను అనను. అయితే అదే కొరింథీ పత్రిక 11వ అధ్యాయం, ప్రార్థించే స్త్రీలూ ప్రవచించే స్త్రీలూ తల మీద ముసుగు వేసుకోవాలని చెబుతుంది. మాట్లాడే స్త్రీలే లేకపోతే ఆ నియమం ఎవరి కోసం? రోమా పత్రిక చివరి అధ్యాయం కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను పేరుపెట్టి మెచ్చుకుంటుంది. విద్వాంసుడైన అపొల్లోకు మార్గాన్ని మరింత పూర్తిగా వివరించినవారు ప్రిస్కిల్ల, అకుల దంపతులు. పునరుత్థాన వార్తను శిష్యులకు చేరవేసింది మగ్దలేనే మరియ. రెండు వాక్యాలతో తలుపు మూసి, మిగిలిన వాక్యాలన్నిటినీ బయట నిలబెట్టడం గ్రంథానికి విధేయత అనిపించుకోదు.

పౌలు పేరిట ఉన్న పత్రికలే దాసులు యజమానులకు లోబడాలని కూడా చెబుతాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిస యజమానులు ఆ మాటలనే అడ్డం పెట్టుకున్నారు. బానిసలున్నవారు మిషనరీలు కావచ్చునా అన్న వివాదంలో చీలి 1845లో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ఏర్పడింది. ఆ సంస్థ 1995లో తన బానిసత్వ సమర్థనకు క్షమాపణ కోరింది. 2023లో స్త్రీని పాస్టరుగా నియమించినందుకు సాడిల్‌బ్యాక్ చర్చిని వెలివేసింది. దాసులకు చెప్పిన వాక్యాన్ని ఆనాటి కాలానికి చెందిన మాటగా చదవగలిగినవారు, స్త్రీలకు చెప్పిన వాక్యాన్ని శాశ్వత శాసనంగా ఎలా చదువుతారు?

మనకు ఈ తర్కం కొత్తది కాదు. మనుస్మృతి స్త్రీకి మంత్రాధికారం లేదన్నది; శూద్రుడి ఎదుట వేదం చదవరాదన్నది. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో ఆ గ్రంథాన్ని తగలబెట్టారు. పుట్టుకను బట్టి నోరు కట్టేసే ధర్మం మనకు అక్కర్లేదన్నదే ఆ మంట చెప్పిన సంగతి. మన తాతముత్తాతలు చర్చి మెట్టు ఎక్కింది వినే హక్కు, చదివే హక్కు, పలికే హక్కు కోసం కూడా. ఆ హక్కును పుట్టుక పేరుతోనే తమ కూతుళ్ళకు నిరాకరించేవారు మనువును వెంటబెట్టుకునే చర్చిలోకి వచ్చారు.

అభ్యంతరాల్లో గ్రంథంతో నిమిత్తం లేనిది ఒకటుంది. అది మైల. స్త్రీ చేతి నుంచి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి వెనకాడే విశ్వాసులను నేను చూశాను. ముట్టు సంగతి గొంతు తగ్గించి అడుగుతారు. అంటరానితనం అనుభవించిన వాడలో ఈ ప్రశ్న వినడం కంటే బాధాకరమైనది లేదు. 12 ఏళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రాన్ని తాకితే యేసు మైలపడ్డానని తొలగిపోలేదు. జనం మధ్యకు ఆమెను పిలిచాడు. జరిగినదంతా ఆమె తన నోటనే చెప్పింది.

సంస్థల్లో మార్పు ఉంది, వేగం లేదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకు గురుత్వమివ్వడం 1976లో మొదలుపెట్టింది. తొలి మహిళా బిషప్పు రావడానికి మరో 37 ఏళ్ళు పట్టింది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత బిషప్పు కావడం తెలుగువారికి గర్వకారణం. కతోలిక సంఘంలో గురుపట్టం స్త్రీలకు లేదని 1994లో పోపు రెండవ జాన్ పాల్ తేల్చిచెప్పారు. ఆ సంఘంలోనే 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ అయ్యారు. కులం గోడకు తలుపు పెట్టగలిగిన సంఘం స్త్రీల విషయంలో ఎందుకు ఆగిపోయిందో దళిత స్త్రీలు అడగవలసి ఉంది. ఊరూరా వెలసిన స్వతంత్ర సంఘాల తీరు మరీ విచిత్రం. పాస్టరు బతికి ఉన్నంతకాలం భార్య వేదిక ఎక్కరాదు. ఆయన పోయి, కొడుకు చిన్నవాడైతే కొన్నిచోట్ల అదే వేదిక ఆమెకు అప్పగిస్తారు. అప్పుడు పౌలు ఎవరికీ గుర్తుకు రాడు. అసలు అడ్డు వారసత్వమూ ఆస్తీ అని అక్కడే తేలిపోతుంది.

వేదిక మీద ఎవరుంటే ఏమిటని అడిగేవారికి ఒక మాట. భర్తకు లోబడాలన్న వాక్యం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. భార్యను కొట్టే భర్త మీద ఎన్ని విన్నాం? తాగి వచ్చి కొట్టే మగడి గురించి మొరపెట్టుకున్న స్త్రీకి తరచుగా దొరికేది ఓర్చుకొని ప్రార్థించమన్న సలహా. పొలంలోనో పాచిపనిలోనో యజమాని చేయి పడిన కూలీ స్త్రీ ఆ మాటను మగవారే ఉన్న కమిటీ ముందు ఎలా చెప్పుకుంటుంది? బోధించే నోరు మారితే బోధలో వినిపించే బాధ కూడా మారుతుంది.

ముందు కులం సంగతి తేలనివ్వండి, ఇప్పుడు ఇది ఎత్తితే ఐక్యత చెడుతుందని మన ఉద్యమాల్లోనే కొందరంటారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులు ఎస్సీ హోదాకు దూరమయ్యారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చిన సవరణ మనకు రాలేదు. ఆ పోరాటం న్యాయమైనది. కానీ మతం మారినంత మాత్రాన కులం పోలేదని రాజ్యం ముందు వాదించే మనం, మతం మారగానే మగ పెత్తనం పోయిందని ఎలా నమ్మిస్తాం?

1985 జూలైలో కారంచేడులో మాదిగల మంచినీటి చెరువును మురికి చేయవద్దన్నందుకు దౌర్జన్యానికి దిగినవారి ముందు బిందె ఎత్తి నిలబడిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. మరునాటి దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. తెలుగు నాట దళిత మహాసభ ఆ నెత్తుటి నుంచే పుట్టింది. యోహాను సువార్తలోని సమరయ స్త్రీ చేతిలోనూ నీళ్ళ కుండే ఉంది. యూదులు సాంగత్యం చేయని జాతికి చెందిన ఆమె బావి వద్ద యేసుతో వాదించి, కుండ అక్కడే విడిచి, ఊళ్ళోకి వెళ్ళి తాను విన్నది చెప్పింది. ఎవరి సెలవూ అడగలేదు. ఆమె మాట విని ఊరివారు ఎందరో నమ్మారు.

కనుక నేను కోరేవి నాలుగు. వేదాంత కళాశాలల్లో చదువు ముగించిన స్త్రీలను హాస్టళ్ళకూ ఆదివారపు బడులకూ పరిమితం చేయక సంఘాలకు కాపరులుగా నియమించాలి. బైబిలు స్త్రీలకూ పాస్టరమ్మలకూ వారు చేస్తున్న పనికి జీతమివ్వాలి. సంఘ కమిటీల్లో సగం స్థానాలు స్త్రీలకివ్వాలి. ఆదివారపు ప్రసంగం వంతులవారీగా స్త్రీలకూ అప్పగించాలి. చదువుకున్న దళిత క్రైస్తవ యువతకు నా విన్నపం ఒక్కటే: వచ్చే సంఘ ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చేవారిని ఈ నాలుగింటి మీద జవాబు అడగండి.