నిప్పు లేని పొగ
వేడిమి, నికోటిను: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన శంషాబాదునందు రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము పనిచేయ నారంభించినది. నాటినుండి ఆ పరిసర గ్రామముల జీవనము ఎంతయో మారినది. జొన్నచేలు, ద్రాక్షతోటలు ఉన్న తావుల రహదారులు, గిడ్డంగులు, వసతిగృహములు వెలసినవి. దూరదేశముల మనుష్యులతోబాటు దూరదేశముల వస్తువులును, అలవాట్లును ఆ దారినే వచ్చును. అట్టివానిలో ఒకటి విద్యుత్ సిగరెట్టు. దీనినే యువకులు వాడుకలో 'వేప్' అందురు.

ఇది చూచుటకు కలమువలెనో, చిన్న పెట్టెవలెనో ఉండును. దీనికి అగ్గిపుల్ల అక్కరలేదు, బూడిద రాలదు, బట్టలకు పొగాకు కంపు పట్టదు. పైగా మామిడిపండు వాసనయో, పుదీనా వాసనయో వచ్చును. తన కుమారుని చొక్కాజేబులో ఇట్టి వస్తువు కనబడిన తండ్రికి అది ఏమియో తెలియదు. అడిగినచో, "ఇది పొగ కాదు, వట్టి ఆవిరి, నిప్పు లేదు గనుక హాని లేదు" అను సమాధానము సిద్ధముగా నుండును.

ఈ మాటలో కొంత నిజము కలదు. అందువలననే దీనిని నమ్మువారు అధికముగా నున్నారు. నిప్పు లేదన్నది నిజమే. హాని లేదన్నది మాత్రము నిజము కాదు. ఈ రెంటి నడుమనున్న భేదమును గ్రామస్థులకు విప్పి చెప్పవలసినవారు పంచాయతీ సభ్యులు. ఆ భేదమంతయు వేడిమిలోనే ఉన్నది. కావున ఆ సంగతిని ఇచట వివరింప దలచితిమి.

నికోటిను అననేమి?

నికోటిను పొగాకు మొక్క వేళ్ళలో పుట్టి ఆకులకు చేరు పదార్థము. తన్ను తిను పురుగులనుండి కాపాడుకొనుటకు మొక్క దీనిని తయారుచేసికొనును. ఇది మనిషి శరీరమున చేరినప్పుడు గుండె వేగము హెచ్చును, రక్తపు ఒత్తిడి పెరుగును. పొగతో ఊపిరితిత్తులకు చేరినచో 10 మొదలు 20 సెకండ్లలో మెదడును తాకి, క్షణకాలము హాయిని కలిగించును. ఆ హాయి తగ్గగానే మరల కావలెనను కోరిక పుట్టును. ఎంత త్వరగా మెదడు చేరునో అంత గట్టిగా అలవాటు నాటుకొనును. ఎదుగుచున్న మెదడుగల బాలురకు ఈ కట్టు మరింత బలముగా పడును.

నికోటిను మరుగు ఉష్ణము సుమారు 247 డిగ్రీల సెంటీగ్రేడు. ఆకులో అణగియున్న ఈ పదార్థము ఊపిరితిత్తులకు పోవలెనన్నచో వేడిమి వాహనము కావలెను. సిగరెట్టు ఆ వాహనమును ఒక విధముగా నడుపును. వేప్ మరియొక విధముగా నడుపును.

సిగరెట్టులో వేడిమి చేయు పని

సిగరెట్టును గట్టిగా పీల్చునప్పుడు దాని కొననున్న నిప్పు సుమారు 900 డిగ్రీల వరకు వేడెక్కును. ఆ మంటలో పడిన నికోటిను చాలవరకు కాలిపోవును. అట్లైన పీల్చువానికి నికోటిను ఎచటినుండి వచ్చుచున్నది? నిప్పునకు వెనుకనే, ఇంకను కాలని పొగాకు వేడెక్కియుండు చిన్న భాగము కలదు. నిమ్మగడ్డి నూనె తీయు బట్టీని చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. క్రింద మంట మండుచుండగా పైని గడ్డిలోని నూనె ఆవిరియై గొట్టములోనికి పోవును గదా. అట్లే నిప్పు వెనుకనున్న పొగాకులోని నికోటిను ఆవిరియై, పొగలోని సూక్ష్మమైన తారు బిందువులపై నెక్కి లోనికి పోవును.

ఈ బట్టీలో వృథా ఎక్కువ. ఒక సిగరెట్టు పొగాకులో సుమారు 10 మొదలు 14 మిల్లీగ్రాముల నికోటిను ఉండగా, పీల్చువాని శరీరమున చేరునది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు మాత్రమే. మిగిలినది కొంత కాలిపోవును. కొంత ప్రక్కనున్నవారు పీల్చు పొగలో పోవును. కొంత పారవేసిన పీకలో మిగులును.

అంతటి మంటలో ఆకు కాలునప్పుడు వేలకొలది రసాయనములు పుట్టును. వానిలో పెక్కులు క్యాన్సరును కలిగించునవి. రక్తములోని ప్రాణవాయువు చోటును ఆక్రమించు కార్బన్ మోనాక్సైడు కూడ ఆ మంటలో పుట్టినదే. సిగరెట్టువలన కలుగు మరణములలో హెచ్చుపాలు ఈ మంటవలన పుట్టిన విషములదే. నికోటిను చేయుపని మనిషిని రోజురోజు ఆ మంటవద్దకు మరల మరల రప్పించుట.

వేప్‌లో వేడిమి చేయు పని

వేప్‌లో ఆకు లేదు, మంట లేదు. ఒక బ్యాటరీ, ఒక సన్నని లోహపుతీగ చుట్ట, ఆ చుట్టను తడుపు ఒత్తి, కొంత ద్రవము ఉండును. ఆ ద్రవమున గ్లిజరిను, ప్రొపిలీన్ గ్లైకాలు అను పదార్థములు, వాసనద్రవ్యములు, పెక్కింటిలో నికోటిను కలిసియుండును. పీల్చగానే బ్యాటరీ తీగను వేడిచేయును. ఒత్తి చక్కగా తడిసియున్నంతవరకు వేడిమి సామాన్యముగా 150, 250 డిగ్రీల నడుమ నుండును. ప్రొపిలీన్ గ్లైకాలు 188 డిగ్రీలవద్దను, గ్లిజరిను 290 డిగ్రీలవద్దను మరుగును. ఈ మిశ్రమము ఆవిరియై, వెలుపలి గాలి తగులగానే చల్లబడి సూక్ష్మబిందువుల మంచుగా మారును. చూచువారికి అది పొగవలె కనబడును. నికోటిను ఆ బిందువులనెక్కి లోనికి చేరును.

ఇచట మంట లేదు గనుక తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టుతో పోల్చినచో చాల తక్కువ. ఇది ఒప్పుకొనవలసిన సత్యము. కాని అదే కారణముచే నికోటిను కాలిపోవుటయు తక్కువ. ఎన్ని మిల్లీగ్రాములు లోనికి పోవునను సంగతి మూడు విషయములపై ఆధారపడును: తీగకు అందు విద్యుచ్ఛక్తి, ద్రవములోని నికోటిను పాలు, దమ్ము నిడివి. శక్తి హెచ్చినకొలది ఆవిరి హెచ్చును. ఆవిరితో నికోటిను హెచ్చును. ఐరోపా దేశములలో మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిను ఉండరాదని పరిమితి విధించిరి. ఆ పరిమితి ప్రకారమే 2 మిల్లీలీటర్ల చిన్న గొట్టములో 40 మిల్లీగ్రాముల నికోటిను ఉండును. అంతకు రెట్టింపు గాఢతగల ద్రవములును లోకమున అమ్ముడగుచున్నవి.

సిగరెట్టు తనంతట తాను ముగియును. పీక మిగిలినప్పుడు చేయి ఆగును. వేప్‌నకు అట్టి ముగింపు లేదు. చదువు నడుమ, పని నడుమ, దుప్పటిలో దూరి కూడ పీల్చవచ్చును. ఎంత పీల్చినది పీల్చువానికే తెలియదు.

వేడిమి హద్దు మీరినచో

మన వంటింటి పోపును ఆలోచింపుడు. చల్లని నూనెలో ఇంగువ వేసినచో వాసన రాదు. తగినంత కాగినచో ఇల్లంతయు ఘుమఘుమలాడును. నూనె మాడినచో కన్నులు మండి, గొంతు పట్టి, దగ్గు వచ్చును. ఆ ఘాటునకు ముఖ్యకారణము నూనెలోని గ్లిజరిను భాగము విరిగి పుట్టు అక్రోలీను అను పదార్థము. వేప్ ద్రవములో ఉన్నదియు గ్లిజరినే. ద్రవము తగ్గి ఒత్తి ఎండినప్పుడు, లేదా శక్తిని మితిమీరి పెంచినప్పుడు, తీగ అధికముగా కాగి అక్రోలీను, ఫార్మాల్డిహైడు వంటి విషములు పుట్టును. తీగనుండి నికెలు, క్రోమియము వంటి లోహముల రేణువులును ఆవిరిలో కలియుట కనుగొనబడినది. తక్కువ నికోటినుగల ద్రవమునకు మారినవారు లోటు తీర్చుకొనుటకు దీర్ఘముగా, తరచుగా పీల్చుటచే ఈ విషములనే మరింతగా లోనికి తీసికొందురు.

హుక్కాలో పొగాకును బొగ్గు వేడి తాకును. ఆ బొగ్గునుండియే కార్బన్ మోనాక్సైడు వచ్చును. నీటిలోనుండి వచ్చినంతమాత్రమున పొగ శుద్ధి కాదు. తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించు బిల్లును 2024 ఫిబ్రవరిలో ఆమోదించినది.

చుట్ట నేర్పిన పాఠము

వేడిమికిని పొగాకునకును గల సంబంధము తెలుగువారికి క్రొత్తది కాదు. చుట్టపొగ క్షారగుణము గలది. అందలి నికోటిను నోటి లోపలి పొరలగుండనే రక్తమున కలియును. అందుచే చుట్ట కాల్చువాడు పొగను గుండెలనిండ పీల్చక పోయినను అలవాటునకు లోబడును. సిగరెట్టు పొగ ఆమ్లగుణము గలది గనుక ఊపిరితిత్తులలోనికి లాగనిదే తృప్తినీయదు. నేటి వేప్ ద్రవములలో పెక్కింట నికోటినుకు ఆమ్లమును చేర్చి గొంతుమంట తగ్గించుచున్నారు. దానివలన గాఢమైన నికోటినును కూడ దగ్గులేకుండ పీల్చ సాధ్యమైనది. క్రొత్తవాని గొంతు ఇదివరకు "వలదు" అని దగ్గి హెచ్చరించెడిది. ఇప్పుడా హెచ్చరికయు లేదు.

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని పీల్చు ఆచారము కలదు. దీనిని అడ్డపొగ అందురు. ఇట్లు పీల్చువారికి అంగిటియందు పుండ్లు, క్యాన్సరు కలుగుటను వైద్యులు 1950వ దశకమునందే గుర్తించిరి. పొగతోబాటు వేడిమి కూడ అంగిటిని నిత్యము తాకుటయే ఇందలి విశేషము. పొగాకును ఏ విధమున వేడిచేసినను, ఆ విధమునకు తగిన నష్టము ఒకటి వెంటనుండునని ఈ ఆచారము మనకు తెలుపుచున్నది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2019 సెప్టెంబరు 18న భారత ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా విద్యుత్ సిగరెట్లను నిషేధించెను. అదే సంవత్సరము డిసెంబరులో అది శాసనమైనది. ఏదైన పదార్థమును వేడిచేసి, పీల్చుటకు ఆవిరిని పుట్టించు విద్యుత్ పరికరమెల్ల ఈ శాసనము క్రిందికి వచ్చును. నికోటిను ఉన్నను, లేకున్నను ఒకటే. పొగాకును కాల్చక వేడిమాత్రము చేయు పరికరములును, విద్యుత్ హుక్కాలును ఇందు చేరినవి. కావున "ఇందులో నికోటిను లేదు" అను అంగడివాని మాట చట్టము ముందు చెల్లదు.

తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, పంపిణీ, ప్రకటన నేరములు. మొదటి తప్పునకు ఒక సంవత్సరము వరకు ఖైదు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. మరల చేసినచో 3 సంవత్సరముల వరకు ఖైదు, 5 లక్షల వరకు జరిమానా. నిలువచేయుటకు 6 నెలల వరకు ఖైదు, లేదా 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. బ్రిటను, అరబ్ ఎమిరేట్లు వంటి దేశములలో ఈ వస్తువు బహిరంగముగా అమ్ముడగును. అచటినుండి వచ్చు బంధువులు తెలియక కానుకగా తెచ్చిన, విమానాశ్రయమున సుంకాధికారులు స్వాధీనపరచుకొందురు. గల్ఫు దేశములలో పనిచేయు మనవారికి ఈ సంగతిని ముందుగా తెలుపుట మేలు.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదటిది, గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. వస్తువు రూపమును, చట్టమును వివరింపుడు. రెండవది, గ్రామములోని అంగళ్ళను గమనింపుడు. అమ్మకము కనబడినచో పోలీసు అధికారులకు తెలుపుడు. సబ్ ఇన్‌స్పెక్టరు, ఆపై హోదాగల అధికారికి సోదా చేయు అధికారము కలదు. మూడవది, 2003 నాటి పొగాకు ఉత్పత్తుల శాసనము ప్రకారము విద్యాలయమునకు 100 గజముల లోపల సిగరెట్లు, బీడీలు అమ్మరాదు. 18 సంవత్సరములు నిండనివారికి ఎచటను అమ్మరాదు. వేప్‌నకు దారితీయు అలవాటు పెక్కుమారులు ఆ బడ్డీకొట్టువద్దనే మొదలగును. నాలుగవది, నికోటిను ద్రవము మింగినను, చర్మముపై ఒలికినను విషమే. పసిపిల్లలకు అందనీయరాదు. పారవేసిన పరికరములలోని బ్యాటరీలు చెత్తకుప్పలలో మంటలకు కారణము కాగలవు గనుక వానిని వేరుగా సేకరింపవలెను.

అలవాటులో చిక్కిన యువకుని నలుగురిలో నిలబెట్టి అవమానించుట తగదు. అట్లు చేసినచో అతడు మరింత చాటునకు పోవును. మానదలచినవారు 1800 11 2356 అను ఉచిత దూరవాణి సంఖ్యకు పిలిచి సలహా పొందవచ్చును. సమీప ఆరోగ్యకేంద్రపు వైద్యుడును సహాయము చేయగలడు. మొదటి కొన్ని దినములు చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపము ఉండును, క్రమముగా తగ్గును. ఇంటివారు ఆ దినములలో ఓపిక వహించిన సగము పని జరిగినట్లే.

"నిప్పు లేదు గదా" అని ఎవరైన వాదించినప్పుడు సభ్యులు చెప్పవలసినది ఇంతే: నిప్పు లేనందున మంటవలన పుట్టు విషములు తగ్గవచ్చును, నికోటిను కట్టు మాత్రము తగ్గదు. ఆ కట్టులో పడకముందే మన పిల్లలకు ఈ సంగతి చేరవలెను.