క్షయరోగమున కణముల మరణము

క్షయరోగము సూక్ష్మజీవి వలన కలుగునని రాబర్ట్ కోక్ పండితుడు 1882వ సంవత్సరమున లోకమునకు వెల్లడించెను. ఆ జీవిని చంపు మందులు పిమ్మట అనేకములు దొరికినవి. అయినను ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అను ముఖ్యౌషధములను రెంటిని లెక్కసేయని క్షయజీవులు నేడు బయలుదేరి వైద్యులకు చిక్కు కలిగించుచున్నవి. మందు ఓడినచోట దేహము తన్ను తాను ఎట్లు కాచుకొనునో విద్యార్థులకు తేటపరుపవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

శ్వాసతో లోనికి బోయిన క్షయజీవిని ఊపిరితిత్తులలోని మాక్రోఫేజి అను భక్షకకణము మ్రింగును. కాని ఈ శత్రువు పెక్కుమారులు జీర్ణముగాక అచ్చటనే కాపురముండి వృద్ధిపొందును. అప్పుడా కణము చచ్చుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. మొదటిది క్రమమైన మరణము. కణము ముడుచుకొని చిన్న మూటలుగా విడిపోవును. పొరుగు భక్షకకణములు ఆ మూటలను లోని సూక్ష్మజీవులతోకూడ మ్రింగివేయును. దీనికి 1972లో అపాప్టోసిస్ అని పేరిడిరి. రెండవది నెక్రోసిస్. ఇందు కణము పగిలి, లోని జీవులు బయటపడి యథేచ్ఛగా పెరుగును. దొంగలు దూరిన యింటి తలుపులు బిగించి వారిని పట్టియిచ్చుట యొకటి; గోడలు కూలి దొంగలు ఊరిమీద పడుట మరియొకటి గదా!

ఏ మార్గము ననుసరింపవలెనో కణము ఒంటరిగా నిర్ణయింపదు. రక్షకకణములు టి.ఎన్.ఎఫ్. అను సంకేతద్రవ్యమును వెలువరించి యొకదాని నొకటి హెచ్చరించుకొనును. ఇది మిక్కిలి తగ్గినచో భక్షకకణములకు శత్రువును చంపు శక్తి చాలదు. కీళ్లవాతమునకై ఈ ద్రవ్యము నణచు మందు పుచ్చుకొన్న కొందరిలో, అణగియున్న క్షయ తిరిగి లేచినట్లు 2001లో వైద్యులు ప్రకటించిరి. మిక్కిలి హెచ్చినను కీడే. క్షయజీవికి దాయాదియైన సూక్ష్మజీవి సోకిన జీబ్రాచేపలను లలితా రామకృష్ణన్ గారును, ఆమె సహచరులును పరిశోధించి 2013లో ఈ సంగతిని వివరించిరి. అధికమైన టి.ఎన్.ఎఫ్. వలన కణములోపల తీక్ష్ణమైన ఆక్సిజన్ ద్రవ్యములు పుట్టి, మొదట సూక్ష్మజీవులను చంపును. తుదకు కణమునే బ్రద్దలుచేయును. కావున సంకేతము మితముగా నుండుటయే మేలు.

సూక్ష్మజీవి తన స్వభావమును మార్చుకొని మందును తప్పించుకొనగలదు. మన కణములకు తోడ్పడు మందును తప్పించుకొనుట దానికంత సులభము కాదు. అందుచేతనే పండితులు కణమరణమును అదుపులో నుంచు మందులను వెదకుచున్నారు. ఇవి ఔషధములకు తోడగునేగాని బదులు కావు. క్షయకు మందు తినువారు దగ్గు తగ్గినదని నడుమ మానినచో, మొండి జీవులు మిగిలి ప్రబలును. గడువు ముగియువరకు మందు తినుట రోగికిని, ఇంటివారికిని, ఊరికిని రక్ష.