మీకు తెలుసా? వక్త గుండెదడ సభకు వినిపించదు

వేదికపై నిలిచిన వక్త తన భయం సభికులకు ఎంతగా తెలిసిపోతోందని అనుకుంటాడో, నిజానికి అందులో కొంత మాత్రమే వారి కంటబడుతుంది. లోపలి కలవరం ముఖంలో అద్దంలా కనబడిపోతోందని మనిషి పొరబడే ఈ ధోరణిని మనస్తత్వశాస్త్రంలో ‘పారదర్శకతా భ్రమ’ అని వ్యవహరిస్తారు. అమెరికన్ పరిశోధకులు కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగాలలో, జంటలుగా వచ్చిన విద్యార్థులు ఒకరి ఎదుట ఒకరు ప్రసంగించిన పిమ్మట, ఎదుటివారికంటె తామే ఎక్కువ బెదిరినట్లు కనిపించామని సగటున భావించారు. అంతకంటె విశేషమేమిటంటే, ఈ భ్రమను గురించి ముందుగానే వివరంగా తెలుసుకొని మాట్లాడినవారు, ఏమీ తెలియనివారికంటెనే కాక, ‘కంగారు సహజమే, దిగులు వద్దు’ అన్న ఓదార్పు మాత్రమే పొందినవారికంటె కూడా నిబ్బరంగా, మెరుగ్గా మాట్లాడారని శ్రోతలు సైతం అభిప్రాయపడ్డారు. (వెన్ను తట్టి పంపితే చాలుననుకునే పెద్దలు గమనించదగిన సంగతి ఇది.) గొంతు తడారడం, గుండె వేగంగా కొట్టుకోవడం బయటికి తెలియకపోయినా, చేతిలోని పలుచని కాగితం మాత్రం వేళ్ల వణుకును పెద్దది చేసి చూపుతుంది కనుక, దానిని బల్లపై ఉంచి చదవడం మేలు.