పాత కంప్యూటరుకు కొత్త బలము

పిల్లల చదువునకై కొన్న కంప్యూటరు కొన్నేండ్లకు మందగించగానే, దానిని మూలకు నెట్టి, అప్పు చేసి మరియొకటి కొనువారు గ్రామములలో కలరు. పెక్కుసార్లు ఆ యప్పు అనవసరము. ఒకటి రెండు భాగములు మార్చిన చాలును.

మొదట యంత్రమును పరీక్షింపవలెను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11కు కనీసము 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. నిల్వ, టి.పి.ఎం. 2.0, తగిన ప్రాసెసరు కావలెను. ప్రాసెసరు తగనిచో ఉచితముగా లభించు లినక్సును వాడుకొనవచ్చును.

తెరచుకొనుటకే నిమిషములు పట్టుచున్నచో, పాత హార్డ్ డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చవలెను. అంతకుముందే పత్రములకు, ఫోటోలకు నకళ్లు తీసియుంచవలెను. పెక్కు పనులు ఒకేసారి చేయునపుడే ఆగుచున్నచో, ర్యామ్ చాలుట లేదని అనుమానింపవచ్చును. డెస్క్‌టాప్ యంత్రములలో డి.డి.ఆర్.3 పలకకు 240 పిన్నులు, డి.డి.ఆర్.4 పలకకు 288 పిన్నులు ఉండును. ఒకదాని చోట మరియొకటి ఇమడదు. కావున మదర్‌బోర్డు నమూనా పేరు వ్రాసికొని, పాత పలకను వెంట తీసికొనిపోవలెను.

బేగంపేటకు సమీపమున, సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇట్టి అంగళ్లకు ప్రసిద్ధము. నాలుగు అంగళ్లలో ధర విచారించి, గ్యారంటీ కాలము, భాగముపైనున్న క్రమసంఖ్య జి.ఎస్.టి. బిల్లులో వ్రాయించుకొనవలెను. బిల్లు లేని చౌక, వస్తువు చెడిననాడు ప్రియమగును.

కొత్తది కొనుటకు ముందు ఈ సంగతులు ఆలోచింపవలసినదిగా గ్రామస్థులకు తెలియజెప్పుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.