ఊదారంగు ఎక్కడికి పోయింది?

నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరులో చదివే పిల్లలు రేపు ఇంటర్‌లో సైన్స్ తీసుకుంటే, ల్యాబ్‌లో పొటాషియం పర్మాంగనేట్ తప్పక ఎదురవుతుంది. దాని ద్రావణం ఎంత ముదురు ఊదా అంటే, బ్యూరెట్‌లో ద్రవం కింది వంపు కనిపించదు. పై అంచు చూసే కొలత రాసుకోవాలి.

పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దీన్ని చుక్కచుక్కగా వదిలితే రంగు ఇట్టే మాయమవుతుంది, బుడగలు లేస్తాయి. ఎందుకు?

రంగుకు మూలం పర్మాంగనేట్‌లోని మాంగనీసు. దానికి ఎలక్ట్రాన్ల ఆకలి ఎక్కువ. ఒక్కో మాంగనీసు 5 ఎలక్ట్రాన్లు లాక్కుని, దాదాపు రంగులేని రూపంలోకి మారిపోతుంది. ఇచ్చేది పెరాక్సైడ్, ఒక్కో అణువు 2 చొప్పున. అందుకే 2 పర్మాంగనేట్‌లకు 5 పెరాక్సైడ్ అణువులు కావాలి.

నాకు బాగా నచ్చేది ఇదే: మామూలుగా పెరాక్సైడే ఇతరుల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది. తనకంటే బలమైనది ఎదురయ్యేసరికి ఇక్కడ ఇచ్చే పక్షాన చేరింది. బుడగల్లోని ఆక్సిజన్ అంతా పెరాక్సైడ్‌దే.

పెరాక్సైడ్ అయిపోయాక పడే చుక్కకు రంగు పోదు. లేత గులాబీ నిలిచిందంటే చర్య ముగిసినట్టే. ఆమ్లం లేకపోతే మాత్రం గోధుమరంగు మాంగనీసు డయాక్సైడ్ మడ్డి మిగులుతుంది.

గాఢమైన పెరాక్సైడ్‌లో పర్మాంగనేట్ పలుకులు వేస్తే వేడి ఆవిరి ఎగజిమ్మి కళ్లు, చర్మం కాలతాయి. ఇంట్లో ఎప్పుడూ చేయకండి; ల్యాబ్‌లో టీచర్ పక్కన ఉండగా, రక్షణ కళ్లద్దాలు పెట్టుకునే చేయండి.