క్రూజ్‌లో డిన్నర్‌కి ఏం వేసుకోవాలి? చీర ఓకేనా, సూట్ కొనాలా?

ఈరోజు ఎపిసోడ్ క్రూజ్ గురించే. కానీ టికెట్ ఎంత, ఏ షిప్ బాగుంటుంది అనేవి కాదు. బుకింగ్ అయిపోయాక ఇంట్లో మొదలయ్యే అసలు చర్చ ఒకటుంటుంది కదా, రాత్రి డిన్నర్‌కి ఏం వేసుకోవాలి అని. దాని గురించి మాట్లాడుకుందాం.

వినడానికి చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ దీని చుట్టూ రెండు నష్టాలు జరుగుతుంటాయి. ఒకటి, మళ్లీ ఎప్పుడూ వేసుకోని సూట్ల మీద, గౌన్ల మీద డబ్బులు పోతాయి. రెండోది ఇంకా పెద్దది. ఇంట్లో పెద్దవాళ్లు "మనకెందుకులే ఆ హంగామా" అని డిన్నర్ మానేసి రూములో కూర్చుంటారు. అందరం కలిసి తింటామనే కదా అంత ఖర్చు పెట్టి వెళ్తాం. అందుకే రూల్స్ అసలు ఏంటో, ఎక్కడ వర్తిస్తాయో చూద్దాం.

షిప్‌లో భోజనం ఒక్క చోటే ఉండదు

ముందు ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పెద్ద షిప్పుల్లో మామూలుగా మూడు రకాల చోట్లు ఉంటాయి. ఒకటి బఫే. సాధారణంగా పై డెక్‌లో, స్విమ్మింగ్ పూల్ దగ్గర ఉంటుంది. రెండోది మెయిన్ డైనింగ్ రూమ్. అక్కడ టేబుల్ దగ్గరికి వచ్చి ఆర్డర్ తీసుకుంటారు, టికెట్ డబ్బుల్లోనే కలిసి ఉంటుంది. మూడోది విడిగా డబ్బులు కట్టి వెళ్లే స్పెషాలిటీ రెస్టారెంట్లు.

డ్రెస్ కోడ్ అనేది ముఖ్యంగా ఆ రెండోదానికీ మూడోదానికీ, అది కూడా సాయంత్రం పూట. బఫేకి టీషర్ట్, షార్ట్‌తో వెళ్లిపోవచ్చు. కాళ్లకి చెప్పులుండాలి, తడి స్విమ్మింగ్ బట్టలతో రాకూడదు, అంతే. అంటే ఒకరోజు రెడీ అయ్యే ఓపిక లేకపోతే ఆకలితో పడుకోవాల్సిన పనేమీ లేదు.

క్యాజువల్ నైట్, ఫార్మల్ నైట్ అంటే?

చాలా కంపెనీలు రాత్రుల్ని రెండు రకాలుగా చూస్తాయి. ఎక్కువ రాత్రులు క్యాజువల్. ఒకటో రెండో రాత్రులు కాస్త డ్రెస్ చేసుకునేవి.

కార్నివాల్ వాళ్లు వీటిని క్రూజ్ క్యాజువల్, క్రూజ్ ఎలిగెంట్ అంటారు. 2 నుంచి 5 రోజుల ట్రిప్ అయితే ఎలిగెంట్ నైట్ ఒకటి, 6 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే రెండు. క్యాజువల్ రోజున జీన్స్, కాలర్ ఉన్న టీషర్ట్, కుర్తీ, సల్వార్, ఏదైనా సరిపోతుంది. ఎలిగెంట్ రోజున మగవాళ్లకి ఇస్త్రీ ప్యాంటు, ఫుల్ షర్ట్ చాలు. కోటు ఉంటే వేసుకోవచ్చు, లేకపోతే లేదు. ఆ రోజు కుదరనివి షార్ట్స్, మామూలు టీషర్ట్, క్రికెట్ క్యాప్ లాంటి టోపీలు, బీచ్ స్లిప్పర్లు, ఆటల బట్టలు. మగవాళ్ల చేతుల్లేని బనియన్ టైపు టీషర్ట్ అయితే ఏ రోజూ మెయిన్ డైనింగ్‌కి వద్దు.

నార్వేజియన్ వాళ్లు 2000లో ఫ్రీస్టైల్ క్రూజింగ్ అని మొదలుపెట్టారు. తప్పనిసరి ఫార్మల్ నైట్ లేదు, ఫిక్స్‌డ్ టేబుల్ టైమింగ్ లేదు. డ్రెస్ గొడవే వద్దు అనుకునే ఫ్యామిలీకి అదొక దారి.

డిస్నీ షిప్పుల్లో పిల్లలు ఎక్కువ కాబట్టి పద్ధతి వేరు. మూడు రెస్టారెంట్లలో వంతులవారీగా తింటారు, మీకు వడ్డించే టీమ్ కూడా మీతోపాటే మారుతుంది. మామూలు రోజుల్లో క్యాజువల్ బట్టలు చాలు. కరీబియన్ వైపు వెళ్లే చాలా ట్రిప్పుల్లో ఒక రాత్రి పైరేట్ నైట్ ఉంటుంది. తలకి గుడ్డ కట్టి, కంటికి నల్ల పట్టీ పెడితే పిల్లలకి పండగే.

ఇక నిజంగా స్ట్రిక్ట్‌గా ఉండేది కునార్డ్. క్వీన్ మేరీ 2 షిప్ వాళ్లదే. వాళ్ల గాలా ఈవెనింగ్స్‌లో మగవాళ్లు టక్సీడో గానీ, ముదురు రంగు సూటూ టై గానీ వేసుకోవాలి. దాంతోపాటు వాళ్లే ఒప్పుకునే ఇంకో మాట ఉంది, ఫార్మల్‌గా ఉండే జాతీయ దుస్తులు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఇప్పుడే మళ్లీ వస్తా.

అసలు ఈ పద్ధతి ఎక్కడిది?

విమానాలు రాకముందు యూరప్ నుంచి అమెరికాకి వెళ్లాలంటే షిప్పే. అట్లాంటిక్ దాటడానికి రోజులు పట్టేది. ఫస్ట్ క్లాస్ వాళ్లు ఇంట్లో విందుకి ఎలా రెడీ అవుతారో షిప్‌లో కూడా అలాగే అయ్యేవాళ్లు. ఫ్రెంచ్ షిప్పులు కొన్నింటిలో డైనింగ్ హాల్‌లోకి పెద్ద మెట్ల మీదుగా దిగివచ్చేలా కట్టారు, వేసుకున్న గౌను అందరికీ కనిపించాలని. అయితే అప్పట్లో కూడా మొదటి రాత్రి డ్రెస్ చేసుకోనక్కర్లేదు అనేది మర్యాద. ఎందుకంటే పెట్టెలు ఇంకా విప్పి ఉండరు.

ఇప్పటికీ మొదటి రాత్రి క్యాజువల్‌గానే ఉంటుంది. ఫార్మల్ నైట్ తరచుగా షిప్ ఏ ఊర్లోనూ ఆగకుండా రోజంతా సముద్రంలో ఉండే రోజున పెడతారు. ఊళ్లు తిరిగి అలిసిపోయి ఉండరు, రెడీ అవ్వడానికి టైమ్ ఉంటుంది కాబట్టి.

చీర కట్టుకోవచ్చా?

హ్యాపీగా కట్టుకోవచ్చు. ఎలిగెంట్ నైట్‌కి చీర కంటే ఎలిగెంట్ ఏముంటుంది చెప్పండి.

నేను డాలస్‌లో ఉంటాను. కార్లో దాదాపు 5 గంటలు వెళ్తే గాల్వెస్టన్ పోర్ట్ వస్తుంది. అక్కడి నుంచి మెక్సికోలోని కొజుమెల్ దాకా వెళ్లొచ్చే షిప్పులు చాలా ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు టెక్సస్‌లోని మనవాళ్లు ఎక్కువగా తీసుకెళ్లే ట్రిప్ ఇదే. మేం కూడా అలాగే వెళ్లాం, అమ్మ, నాన్న, అత్తయ్య, మావయ్య, పిల్లలతో. డ్రెస్ కోడ్ పేజీ చదివి వినిపించగానే నాన్న "మీరెళ్లి రండమ్మా, మాకు ఆ కోట్లూ టైలూ ఎందుకు, మేం రూములో పెరుగన్నం తినేస్తాం" అన్నారు. ఇంటి నుంచి వండుకున్న అన్నం షిప్‌లోకి తేనివ్వరని చెప్తే ఇంకా దిగులుపడ్డారు. అమ్మ ఏమీ అనలేదు గానీ, "నేనూ ప్యాంటూ షర్టూ వేసుకోవాలా" అని నెమ్మదిగా అడిగింది.

ఆ భయం బట్టల గురించి కాదండీ. గుమ్మం దగ్గర ఎవరైనా ఆపితే పిల్లల ముందు చిన్నతనం అవుతుందేమో అని. అందుకే పెద్దవాళ్లకి రూల్ చదివి వినిపించడం కాదు, వాళ్ల బీరువాలో ఉన్నవాటిలోంచే ఏది సరిపోతుందో తీసి చూపించాలి. మేం అదే చేశాం. అమ్మకి మంగళగిరి పట్టు, అత్తయ్యకి పోచంపల్లి. నాన్నకి పెళ్లిళ్లకి వేసుకునే ప్యాంటు, తెల్ల ఫుల్ షర్ట్. మావయ్యకి కుర్తా పైజమా, మీద నెహ్రూ జాకెట్. కొత్తగా కొన్నది ఒక్క రూపాయి లేదు. ఆ రాత్రి మా టేబుల్‌కి వడ్డించిన ఆవిడ అమ్మ చీర అంచు చూసి ఇది చేత్తో నేసిందా అని అడిగింది. అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో మగ్గం ఎలా ఉంటుందో చేతులు తిప్పి మరీ చెప్పింది.

ఇప్పుడు పైన చెప్పిన మాట. అంత స్ట్రిక్ట్‌గా ఉండే కునార్డ్ కూడా ఫార్మల్ జాతీయ దుస్తుల్ని ఒప్పుకుంటుంది. అంటే మన చీర, బంద్‌గలా, షేర్వానీ ఏదో దయతలచి వదిలేసేవి కావు. సూటుతో సమానంగా లెక్కలోకి వచ్చేవే.

కొన్ని ప్రాక్టికల్ విషయాలు. బరువైన కంచిపట్టు కంటే ఉప్పాడ, చందేరి, మంగళగిరి లాంటి తేలిక చీరలు సూట్‌కేస్‌కీ, మనకీ సుఖం. షిప్ కాస్త ఊగుతుంది కాబట్టి కుచ్చిళ్లకి, పైటకి పిన్నులు గట్టిగా పెట్టుకోండి. చీర నేలకి ఆనేంత కిందికి కట్టొద్దు, మెట్లెక్కేటప్పుడు కాలికి తగులుతుంది. సన్నటి హైహీల్స్ వద్దు, వెడల్పు హీల్ గానీ ఫ్లాట్స్ గానీ మేలు. డైనింగ్ హాల్‌లో ఏసీ బాగా ఉంటుంది, పెద్దవాళ్లకి ఒక శాలువా తప్పనిసరి.

పిల్లలకి ఏంటి మరి?

చిన్నపిల్లల విషయంలో ఎవరూ పట్టుబట్టరు. పాపకి పట్టులంగా, బాబుకి కుర్తా పెడితే చాలు, ఫొటోలు కూడా బాగుంటాయి. కానీ గుచ్చుకునే జరీ బట్టలు వేసి గంటన్నర కూర్చోబెట్టకండి. డిన్నర్ నెమ్మదిగా, ఒక్కో ఐటమ్ చొప్పున వస్తుంది. పిల్లాడు ఏడిస్తే మన పట్టుచీర ఆనందం కాస్తా పోతుంది.

ఇంకో మాట. మిలిటరీ ప్రింట్ ఉన్న బట్టలు ప్యాక్ చేయకండి, పిల్లలవైనా సరే. జమైకా, బార్బడోస్, సెయింట్ లూసియా లాంటి దీవుల్లో మామూలు జనం అవి వేసుకోవడం చట్టప్రకారం నేరం. షిప్‌లో కాదు గానీ, దిగినప్పుడు ఇబ్బంది.

ఫార్మల్ నైట్‌లో షిప్ ఫొటోగ్రాఫర్లు పరదాలు కట్టి నిలబడతారు. తీయించుకోవడానికి మామూలుగా డబ్బులు అడగరు, ప్రింటుకి అడుగుతారు. నచ్చితేనే కొనుక్కోండి. మన ఫోన్‌తో మెట్ల దగ్గర తీసుకున్నా ఎవరూ ఏమనరు.

ప్యాకింగ్‌లో మూడు జాగ్రత్తలు

ఒకటి. పోర్ట్‌లో పెద్ద సూట్‌కేసులు వాళ్లకి ఇచ్చేస్తాం. అవి రూమ్‌కి వచ్చేసరికి సాయంత్రం అవ్వచ్చు. కాబట్టి మొదటి రాత్రి డిన్నర్ బట్టలు, మందులు, పాస్‌పోర్టులు చేతి బ్యాగులోనే ఉంచుకోండి.

రెండు. ఇస్త్రీపెట్టె తీసుకెళ్లకండి. చాలా కంపెనీలు ఇస్త్రీపెట్టెల్ని, బట్టల స్టీమర్లని షిప్‌లోకి రానివ్వవు. సముద్రం మధ్యలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు కదా. కార్నివాల్, డిస్నీ షిప్పుల్లో మనమే బట్టలు ఉతుక్కునే గదులు ఉంటాయి. రాయల్ కరీబియన్‌లో అలాంటి గది ఉండదు, డబ్బులు కట్టి లాండ్రీకి ఇవ్వాలి. అందుకే ముడతలు పడని బట్టలు పెట్టుకోవడం తెలివి. చీరని గుండ్రంగా చుట్టి పెడితే మడత గీతలు తక్కువ పడతాయి. రాగానే బాత్రూమ్‌లో హ్యాంగర్‌కి తగిలించి వేడి నీళ్ల షవర్ కాసేపు వదిలితే కాటన్ షర్టు ముడతలు కొంత సర్దుకుంటాయి. పట్టుకి మాత్రం ఈ పని చేయకండి, నీటి చుక్క మచ్చ పడుతుంది.

మూడు. రోజుకో జత పెట్టుకోవద్దు. 5 రాత్రుల ట్రిప్‌కి ఒక్కొక్కరికీ ఒక ఫార్మల్ జత, రెండు మూడు క్యాజువల్ జతలు చాలు. అదే ప్యాంటుకి వేరే షర్టు, అదే లెగ్గింగ్‌కి వేరే కుర్తీ. నిన్న ఏం వేసుకున్నారో గుర్తుపెట్టుకునేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి

మన దగ్గర కార్డీలియా షిప్ 2021లో ముంబై నుంచి మొదలైంది. 2022లో విశాఖపట్నం నుంచి చెన్నై వైపు కూడా ట్రిప్పులు నడిపారు. అక్కడ ప్రయాణికుల్లో ఎక్కువమంది మనవాళ్లే కాబట్టి చీరలు, సల్వార్లు, కుర్తాలు మామూలే. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి అక్కడ షిప్ ఎక్కేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, వాళ్లకి పైన చెప్పినవన్నీ పనికొస్తాయి.

చివరగా, రూల్స్ కంపెనీకో రకంగా ఉంటాయి, అప్పుడప్పుడూ మారుతుంటాయి. బుక్ చేసిన కంపెనీ సైట్‌లో డ్రెస్ కోడ్ పేజీ ఒకసారి మీరే చదవండి. షిప్ ఎక్కే ముందే వాళ్ల యాప్ ఫోన్‌లో వేసుకోండి. ఈ రాత్రి ఏ డ్రెస్ అనేది అందులో ఏ రోజుకారోజు చూసుకోవచ్చు, షిప్ వైఫైలో ఇలాంటివి చూడటానికి ఇంటర్నెట్ ప్యాకేజీ కొనక్కర్లేదు. అది చూసి పెద్దవాళ్లకి మధ్యాహ్నమే చెప్పేయండి, హడావుడి పడకుండా నిదానంగా రెడీ అవుతారు.